పబ్లిషరు కోసం కట్టిన దిష్టిబొమ్మ

పవన్‌కుమార్‌కి నీళ్ళు నీలంగా కావాలట.

మొదటి మీటింగులో ఆ పెద్దమనిషి నోటి నుంచి ఊడిపడిన మొదటి మాట అదే. కృష్ణా కాలువలో నీలం నీళ్ళు పారగా చూసినవాడు డెల్టా మొత్తంలో ఒక్కడున్నా సరే, రుచిత వెళ్ళి వాడి కాళ్ళకి దణ్ణం పెట్టి వస్తుంది. ఎండాకాలం వెళ్ళాక వదిలే కొత్త నీరు ఎర్రగా, చిక్కగా, దారిలో దొరికిన చెత్తంతా ముందుకి నెట్టుకుంటూ వస్తుంది. ఆ ఎరుపు కంప్యూటర్లో సరిగ్గా కుదరడానికి ఆమె కళ్ళు కాయలు కాచాయి. ఈ మాట ఏ బొంబాయివాడో అని ఉంటే పోనీలే, పాపం, తెలియదు అని ఊరుకునేది. పవన్‌కుమార్ పుట్టింది ఉయ్యూరులో. చిన్నప్పుడు కాలువలో ఈతలు కొట్టిన మనిషే.

“మా ఊళ్ళోనూ కాలవే కదండీ రుచిత గారూ, నాకు తెలీదా? బురదగానే ఉంటయ్. కానీ ఫోన్లో బురద ఎవడు చూస్తాడు చెప్పండి? బ్లూ కొట్టండి, బ్లూ,” అన్నాడు, గోడకి సున్నం వెయ్యమన్నంత తేలిగ్గా.

రుచిత, ఆరోన్ కలిసి వీడియో గేములు తయారు చేస్తారు. ఇంజనీరింగ్ నుంచి స్నేహితులు. బెంజ్ సర్కిల్ దగ్గర ఓ పక్కవీధిలో, కళ్ళజోళ్ళ కొట్టు పైన వాళ్ళ ఆఫీసు. ఆఫీసంటే ఒక గది, రెండు కంప్యూటర్లు, పవన్‌కుమార్ వచ్చినప్పుడు కూర్చోడానికి ఒక మంచి కుర్చీ. బొమ్మలు, ఆట ఎలా నడవాలన్న ఆలోచన రుచితవి. ప్రోగ్రాం రాయడం, శబ్దాలు పట్టుకురావడం ఆరోన్ పని. పవన్‌కుమార్ వాళ్ళ పబ్లిషరు తరఫు మనిషి. పబ్లిషరంటే డబ్బు పెట్టి, ఆట పూర్తయ్యాక దాన్ని జనంలోకి వదిలే కంపెనీ. అది హైదరాబాదులో ఉంది. నెలకోసారి వచ్చి, ఎంతవరకు వచ్చిందో చూసి, ఏదో ఒకటి మార్చమని చెప్పి వెళ్ళడం ఈయనగారి ఉద్యోగం. ఏదీ మార్చమనకుండా వెళితే తనకిచ్చే జీతం దండగని పైవాళ్ళకి తెలిసిపోతుందని భయం కాబోలు.

ఆ ఆట పేరు ‘శివారు’. చల్లపల్లి దాటి సముద్రం వైపు వెళితే, కాలువ చిట్టచివర ఉండే పొలం ఆటగాడిది. నీళ్ళు వంతులవారీగా వస్తాయి. పైన ఉన్న పొలాలన్నీ తడిసేదాకా చివరివాడు ఆగాలి. ఆగడమే ఆట. ఆగుతూ ఊరికే కూర్చోడు. గట్టు పట్టుకుని నడుస్తాడు, కాలువ నుంచి చేలోకి వచ్చే బోదె పూడిపోతే తవ్వుకుంటాడు, తూము తాళాలు దగ్గర పెట్టుకునే లస్కరుని బతిమాలుకుంటాడు, పైన ఎవడైనా దొంగతనంగా అడ్డుకట్ట వేశాడేమో చూసొస్తాడు. ఆఖరికి నెర్రెలు విచ్చిన చేలోకి నీళ్ళు చేరతాయి. ఎండిన మట్టిలోకి నీరు దిగేటప్పుడు గుటకలు వేసినట్టు ఒక చిన్న చప్పుడు వస్తుంది. దానికోసం ఆరోన్ నిజంగానే చేలో బోర్లా పడుకుని, మైకు నేలకి ఆనించి రికార్డు చేసుకొచ్చాడు.

రుచిత నాన్నది శివారు పొలమే. ఆ చప్పుడు వినగానే ఆయన ముఖం మారిపోవడం ఆమె కళ్ళారా చూసింది. ఎక్కడో ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు, ఫోను చేతిలో పట్టుకుని, అదే చప్పుడు విని ఒక్క క్షణం అలా అయిపోవాలి. ఆమెకి కావలసింది అంతే. అందుకు వాడు ముందు ఆగాలి. ఆగకుండా వచ్చిన నీళ్ళు కుళాయి నీళ్ళు.

ఈ సంగతి పవన్‌కుమార్‌కి చెప్పి చూడండి మీరు!

రెండోసారి వచ్చినప్పుడు కింద నుంచి చికెన్ పకోడీ తెప్పించుకుని, పొట్లం ఒళ్ళో పెట్టుకుని, ఆట చూశాడు.

“ఈ వెయిటింగ్ ఏంటండీ బాబూ? నాకే నిద్రొస్తోంది. ఇక్కడో బటన్ పెడదాం. యాడ్ చూస్తే నీళ్ళు వెంటనే వచ్చేస్తయ్.”

“వెంటనే వస్తే ఇంక ఆటేముందండీ?”

“అదేంటండీ, నీళ్ళొచ్చినయ్ కదా! హ్యాపీ.”

“మరి అవి ఎవరి వంతు నీళ్ళు?”

“గేమే కదండీ. అందరికీ ఇచ్చేద్దాం, మన అబ్బ సొమ్మేం పోయింది?”

ఆరోన్ బల్ల కింద ఆమె కాలు తొక్కి ఆపకపోతే ఆ పకోడీ పొట్లం ఎగిరి బందరు రోడ్డు మీద పడేది. రుచిత గొంతు తగ్గించుకుని మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. వంతంటే ఏంటో చెప్పింది, ఆగినవాడికే నీళ్ళ విలువ తెలుస్తుందని చెప్పింది. అతను తల ఊపుతూ ఫోను చూసుకున్నాడు. వినడమంటే ఆయనగారికి అదే. అంతా అయ్యాక నోరు తుడుచుకుని, “బాగా చెప్పారండీ. వచ్చే మీటింగుకి బటన్ కనపడాలి. అగ్రిమెంట్లో ఫైనల్ డెసిషన్ మాదే కదా,” అని లేచాడు.

ఆ మాట మాత్రం నిజం. ఆట తయారుచేసేది వీళ్ళు, ఆట కంపెనీది. ఎలా ఉండాలో చెప్పే హక్కు కంపెనీది. వీళ్ళు కాదంటే ఇంకెవరి చేతనైనా పూర్తి చేయించుకునే హక్కూ కంపెనీదే. అగ్రిమెంటు రాసుకున్న రోజు ఇద్దరూ అదంతా చూసుకోకుండా సంబరంగా సంతకాలు పెట్టి, కిందకి వెళ్ళి జిగర్తండా తాగొచ్చారు.

పవన్‌కుమార్ వెళ్ళాక రుచిత కిటికీ దగ్గర నిలబడింది. అరికాలి మంట నెత్తికెక్కి ఉంది. ఎదురుగా కొత్తగా కడుతున్న అపార్ట్‌మెంటు. దాని నడి అంతస్తుకి దిష్టిబొమ్మ వేలాడుతోంది: గడ్డి కూరిన పాత చొక్కా ప్యాంటు, కుండ తల, కోరమీసాలు, బయటికి చాపిన ఎర్ర నాలిక. ఆమె దాన్ని చూస్తూ చూస్తూ ఒక్కసారి వెనక్కి తిరిగింది.

“ఆరోన్, వాడికి కావాల్సింది బటన్ కాదురా. మార్చమనడానికి ఏదో ఒకటి కావాలి, అంతే. అదేదో మనమే ఇద్దాం.”

“అంటే?”

“దిష్టిబొమ్మ కడదాం. వచ్చినోడి కన్ను దాని మీద పడాలి, ఇల్లు క్షేమంగా ఉండాలి. ఆటలో ఒక దరిద్రమైన బొమ్మ పెడదాం. చూడగానే ఛీ, ఇదేంటి, తీసెయ్యండి అనాలి. తీసేస్తాం. అయ్యగారి ఉద్యోగం అయిపోయినట్టే. మన వెయిటింగు జోలికి రాడు.”

ఆరోన్ నవ్వాడు. “మా ఇల్లు కట్టేటప్పుడు ఫాదర్ గారొచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. బొమ్మలూ గిమ్మలూ లేవు. అయినా వానొస్తే కారుతూనే ఉంటది. సరే, ఈసారి మీ పద్ధతే చూద్దాం.”

ఆ మధ్యాహ్నమే కట్టేశారు. చేలోకి నీళ్ళు చేరి ఆ చప్పుడు అయిన తర్వాత, గట్టు మీద ఉన్న గేదె వెనక కాళ్ళ మీద లేస్తుంది. నల్లకళ్ళజోడు పెట్టుకుంటుంది. నడుం తిప్పుతూ చిందులేస్తుంది. అంతకన్నా చవకబారు సంగతి ఆమెకి తోచలేదు.

కానీ రుచితకి ఒక జబ్బుంది. చెత్తగా చెయ్యమంటే చేతకాదు. గేదె గెంతుతుంటే చెవి మీద ఈగ వాలాలనిపించింది, వాలింది. చెవి విదిలించాలనిపించింది, విదిలించింది. ఎంత చిందేసినా నెమరు ఆగకూడదనిపించింది. దాంతో ఆ గేదె లోకంలో ఏ గొడవా తనకి పట్టనట్టు, పరమ గంభీరంగా నములుతూ నడుం తిప్పసాగింది. ఆరోన్ బల్ల మీద చేతులతో డప్పు కొట్టి, ముక్కుతో గేదెలా బుస కొట్టి, దానికో పాట కూడా తగిలించాడు. ఇద్దరూ కడుపులు పట్టుకుని నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళు వచ్చాయి. కళ్ళజోళ్ళ కొట్టాయన మెట్లెక్కి వచ్చి, ఏమైందమ్మా అని అడిగి మరీ వెళ్ళాడు.

మూడో మీటింగుకి పవన్‌కుమార్ వచ్చాడు, మంచి కుర్చీలో కూర్చున్నాడు, ఎప్పట్లాగే ఒక చేతిలో తన ఫోను, ఇంకో చేతిలో వీళ్ళ ఆట. కాలువ గడిచింది, లస్కరు గడిచాడు, బోదె గడిచింది. ఆవలించాడు. నీళ్ళు వచ్చాయి. చప్పుడైంది. అది అతని చెవిన పడనే లేదు. గేదె లేచింది.

రుచిత మనసులోనే బతిమాలుకుంది. తీసెయ్యండి అను. అనవయ్యా. నీ పుణ్యం ఉంటుంది.

పవన్‌కుమార్ తన ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. నోరు తెరిచాడు. కుర్చీ కిర్రుమనేలా నవ్వాడు.

“ఇంకోసారి!” అన్నాడు. ఇంకోసారి చూశాడు. మళ్ళీ చూశాడు. తొడ చరుచుకున్నాడు. హైదరాబాదుకి వీడియో కాల్ చేసి, “సార్, దొరికింది సార్! చెప్పా కదా, వీళ్ళ దగ్గర విషయం ఉందని,” అని ఎవరికో గేదెని చూపించాడు. అవతల నుంచి కూడా నవ్వు వినిపించింది.

కాల్ అయ్యాక వీళ్ళ వైపు కొంచెం కోపంగా తిరిగాడు. “అసలు ఇంత బంగారాన్ని ఇంతసేపు దాచిపెట్టారేంటండీ? నీళ్ళొచ్చేదాకా గేదె రాదా? అప్పటిదాకా ఎవడుంటాడు? అవన్నీ తీసెయ్యండి.”

“ఏవన్నీ?” అంది రుచిత.

“కాలవ. ఆ పొలం, లస్కరు, వంతులు, తవ్వుడు. గేదెకి అడ్డం కదండీ అన్నీ.”

దిష్టిబొమ్మ బాగుంది, దానికి అడ్డంగా ఉన్న ఇల్లు పడగొట్టెయ్యండి అన్న మనిషిని బెజవాడ అంతా వెతికినా ఇంకొకణ్ణి పట్టుకోలేరు. అది జోకండీ, ఊరికే పెట్టాం అని ఆరోన్ నసిగితే, “జనానికి జోకే కావాలండీ!” అని అతని వీపు తట్టి మరీ మెచ్చుకున్నాడు. మీ కన్ను పడితే పోతుందని పెట్టాం మహానుభావా అని మొహం మీద ఎలా చెబుతారు?

రుచిత అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. అతి చేస్తే వాడికే వెగటు పుడుతుందని లెక్క వేసింది. గేదె మెడలో బంగారు గొలుసు వేసి పంపింది. పవన్‌కుమార్ ఎర్ర గుండె గుర్తులు పంపాడు. గేదెని బుల్లెట్టు బండి ఎక్కించింది. “సూపరండీ, మీకిలాంటివి ఎట్టా తడతాయో!” అన్నాడు. ఆఖరికి కడుపుమంటకొద్దీ, ఆ గేదె చేత మంచి కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఫోను చూస్తూ పకోడీలు తినిపించింది. చొక్కా కూడా పవన్‌కుమార్ చొక్కా రంగే వేసింది. అరగంటలో ఫోను వచ్చింది. “ఇది మాత్రం అదరగొట్టేశారు! మా ఆఫీసంతా ఒకటే నవ్వు. ఎవరో తెలిసినోడిలాగే ఉన్నాడు అంటున్నారందరూ.”

ఆరోన్ ఆమె చేతిలోంచి మౌసు లాక్కున్నాడు. “ఇంక ఆపు రుచితా. నువ్వు తిట్టే ప్రతి తిట్టునీ వాడు దండ చేసుకుని మెళ్ళో వేసుకుంటున్నాడు. ఇట్టా అయితే మన కాలవ మనకి దక్కదు. వెళ్ళి అడుగుదాం.”

అడగాల్సింది ఒక్కటే. కాలువ ఆటని తమకి తిరిగి ఇచ్చెయ్యమని. రుచిత నాలుగు రోజులు కూర్చుని మాటలు పేర్చుకుంది. తెలిసిన లాయరుని కలిసింది. పవన్‌కుమార్ ఇవ్వనంటే ఏమనాలి, బెదిరిస్తే ఏమనాలి, నవ్వితే ఏమనాలి, అన్నిటికీ జవాబులు సిద్ధం చేసుకుంది. ఆరోన్ వాళ్ళమ్మ అమలమ్మ చర్చిలో కొవ్వొత్తి వెలిగించి వచ్చింది. పవన్‌కుమార్ ఊళ్ళోకి వచ్చి, టిఫిను టైముకి బెంజ్ సర్కిల్లో తను దిగిన హోటలుకి రమ్మన్నాడు.

వెళ్ళేసరికి అతని ముందు పెసరట్టు ఉంది. రుచిత కూర్చోకముందే మొదలుపెట్టింది.

“పవన్ గారూ, ఒక మాట చెప్పాలి. ఆ గేదె మీ కోసం కట్టిన దిష్టిబొమ్మండీ. ప్రతిసారీ ఏదో ఒకటి మార్చమంటారు కదా, మీ కన్ను దాని మీద పడితే మా ఆటని వదిలేస్తారని పెట్టాం.”

ఇన్నాళ్ళుగా దిగమింగుకున్న మాట అది. అతని ముఖం మాడిపోవడం చూడాలని ఆమె రెప్ప వెయ్యకుండా చూసింది. అతను పెసరట్టు ముక్క అల్లప్పచ్చడిలో అద్ది, నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, ఆలోచించాడు.

“పర్లేదండీ. ఎందుకు పెట్టారో జనానికి తెలియక్కర్లేదుగా,” అన్నాడు. తర్వాత, “ఒకటి చెప్పనా, ఏమీ అనుకోరుగా? ఆ కాలవ చూస్తే మీరు పళ్ళు బిగబట్టి చేసినట్టుంటదండీ. గేదె చూస్తే నవ్వుకుంటా చేసినట్టుంది. చూసేవాడికి తెలిసిపోతది,” అన్నాడు.

రుచితకి ఒళ్ళు మండిపోయింది. అందులో కాస్త నిజం ఉండబట్టి ఇంకా మండింది. ఇలాంటివాడి నోటి వెంట నిజం వినాల్సి రావడం ఏం ఖర్మ! ఆమె ఆ మాటని పక్కకి నెట్టేసి, అసలు సంగతికి వచ్చింది.

“గేదె మీరు తీసుకోండి. బొమ్మలు, చిందులు, పాట, మొత్తం. మాకేం వద్దు. కాలవ ఆట మాత్రం మాకు రాసిచ్చెయ్యండి.”

ఇప్పుడు మొదలవుతుందనుకుంది. వీపు నిటారుగా పెట్టింది. పక్కన ఆరోన్ గొంతు సవరించుకున్నాడు.

“కాలవా?” అన్నాడు పవన్‌కుమార్. “తీసుకోండి. అదేం చేసుకుంటామండీ మేం?”

రుచిత తను సరిగా విన్నానా అనుకుంది. అతను ఎడమచేత్తో ఫోను తీసి హైదరాబాదుకి చేశాడు. “సార్, ఆ పాతది వాళ్ళకి కావాలంట సార్... అదే, బురదది... ఆఁ, గేదె మనకే... సరే సార్.” ముద్ద నమిలి మింగేలోపు అయిపోయింది. “ఇచ్చేయమన్నారండీ. సాయంత్రానికల్లా మెయిల్ వస్తది. ఆ ఫైళ్ళన్నీ తీసేస్తే మాకూ సర్వర్లో చోటు కలిసొస్తది,” అని, హోటలు కుర్రాణ్ణి పిలిచి వీళ్ళిద్దరికీ కాఫీ చెప్పాడు.

పేర్చుకున్న మాటలన్నీ రుచిత నోట్లోనే ఉండిపోయాయి. ఒక్కటీ అక్కరకి రాలేదు. ఏదో ఒకటి అనకపోతే చచ్చిపోతాననిపించి, తల ఎత్తి, “గేదె మీద మా పేర్లు వెయ్యొద్దండీ. మాకు పరువు తక్కువ,” అంది.

“అలాగేనండీ, వెయ్యం,” అన్నాడతను. ఏమీ నొచ్చుకోలేదు. చేతులు తుడుచుకుని, మొహమాటంగా కాస్త ముందుకి వంగాడు. “మీరడిగారు కాబట్టి నేనూ ఒకటి అడుగుతానండీ. కాలవ ఆట ఎప్పుడన్నా వదిలితే, దాని మీద మా కంపెనీ పేరు ఎక్కడా లేకుండా చూసుకోండి. మా పేరు చూసి దింపుకునేవాళ్ళుంటారు. పాపం, ఆ వెయిటింగు చూసి మమ్మల్ని తిట్టుకుంటారు.”

అందులో ఎగతాళి లేదు. ఎగతాళైనా బాగుండేది. ఇన్ని నెలలూ అతనంటే తనకున్న అసహ్యాన్ని రుచిత పళ్ళ వెనక దాచుకుని తిరిగింది. అతనికి ఆమె పని మీద ఉన్న చులకన దాచుకునేంత పెద్ద సంగతే కాదు. అది కాఫీతో పాటు మర్యాదగా ఇచ్చేశాడు.

చెప్పినట్టే సాయంత్రానికి మెయిల్ వచ్చింది. నాలుగు వాక్యాలు, కింద సంతకం. ‘శివారు’ ఇక వాళ్ళిద్దరిది. అమలమ్మకి ఫోను చేసి చెబితే దేవుడికి స్తోత్రం అంది. ఆరోన్ కిందకి వెళ్ళి ఏదో తెచ్చుకుందామా అంటే రుచిత వద్దంది. ఆట తెరిచి, మొదట కనిపించే కంపెనీ పేరు తీసేసింది. ఇప్పుడు తెరవగానే నేరుగా ఎండిన కాలువే వస్తుంది. నీళ్ళు ఎర్రగానే ఉంటాయి, వంతు వంతులాగే ఉంటుంది. మార్చమనేవాడు లేడు. ఎప్పుడు పూర్తవుతుందని అడిగేవాడూ లేడు.

ఆరోన్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “గెలిచాం కదా! ఏంటే, ఏడుస్తున్నావా?”

రుచిత మొహం తుడుచుకుంది. మళ్ళీ తడిసింది. ఈసారి తుడుచుకోలేదు.

“ఇవ్వం అని ఒక్కసారి అని ఉంటే బాగుండేదిరా,” అంది.